కోరపన్ను కొలత

మా అమ్మాయి రాధారాణికి పళ్ళ డాక్టరు చదువులో సీటొచ్చిందని ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా లైను లైనంతా మిఠాయి పంచాను. పంచిన పాపానికి మర్నాటి నుంచి జనం ఇంటి ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ అయితే ముందుపన్ను ఊపి చూపించి, "దీన్ని ఉంచమంటావా, పీకించీమంటావా?" అని అడిగింది.

"నాకింకా ఎవరి నోట్లోనూ సెయ్యి పెట్టనివ్వరు పెద్దమ్మా. ఇప్పుడన్నీ మైనం పళ్ళే," అంది పిల్ల. అప్పలనర్సమ్మ నోరు మూసుకుని వెళ్ళిపోయింది. నమ్మలేదని నాకు తెలుసు.

నిజంగా మైనం పళ్ళే. పొద్దున్న ఆరింటి లోకల్ రైలుకి పరుగెత్తుతుంది, సాయంత్రం జుట్టునిండా ప్లాస్టరు పిండితో దిగుతుంది. తల ఎముకల పేర్లు స్నానం చేస్తూ బట్టీ పడుతుంది. ఆ తర్వాత సబ్బుబిళ్ళంత మైనం దిమ్మ ఒకటి పట్టుకుని, చిన్న కత్తితో పన్ను చెక్కుతుంది. అసలు పన్నుకి రెండింతలు ఉండాలట, కొలత మాత్రం మిల్లీమీటరు కూడా తప్పకూడదట. ఆ తరుగు నా గచ్చు మీద, నా చీర అంచుకి, ఒకసారి పప్పులో కూడా. నేను కేకలేస్తే తల ఎత్తకుండానే "తుడిసేస్తానమ్మా" అంటుంది. తుడిచిన రోజు లేదు. అయినా అలా వంగి చెక్కుతూ కూనిరాగం తీస్తుంటే చూడ్డం నాకిష్టం.

కోరపన్ను దగ్గర ఆ రాగం ఆగిపోయింది. అప్పటికి ఆరు పళ్ళకు వాళ్ళ బెంగాలీ మేడమ్ సంతకం పెట్టింది. కోరపన్నుని మాత్రం వరసగా తిప్పి పంపుతోంది. ప్రతిసారీ ఒకటే మాట: రూపం బాగుంది, సైజు పెద్దది, మళ్ళీ చెయ్యి. శుక్రవారంలోగా ఆ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాదంతా గాలికి పోయినట్టే.

బుధవారం సాయంత్రం నాలుగోసారి తిరిగొచ్చిన పన్ను పట్టుకుని గుమ్మంలో కూలబడింది. "నా సెయ్యి ఈ పనికి పనికిరాదమ్మా. మానేస్తాను. బీకాం సదూకుంటాను."

భయం వేస్తే నాకు వచ్చేది కోపమే. "మానీయ్ అయితే. ఈ మైనం గీకలేక నాను సచ్చిపోతన్నాను," అనేసి నాలుక కరుచుకున్నాను. పిల్ల ఏడవలేదు. లేచి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

మా మావగారు గోవిందరావు కుర్చీలోంచి లేచి వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్ళు నమూనాలు చెక్కిన మనిషి. లోహం కరిగించి పోత పోసేముందు, ఆ సామాను ఎలా ఉండాలో చెక్కతో చేసివ్వడం ఆయన పని. తిరిగొచ్చిన నాలుగు పళ్ళూ బల్ల మీద పెట్టమన్నారు. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

"ఎంత ఎక్కువన్నాది మీ మేడం?"

"ఒక మిల్లీమీటరు, తాతా."

"నాలుగూనా?"

"నాలుగూ."

"సెయ్యి సెడ్డదైతే ఒకటి పెద్దదవుతాది, ఒకటి సిన్నదవుతాది. నాలుగూ ఒకేలాగ తప్పినాయంటే తప్పు సేతిది కాదమ్మా, కొలతది. దేంతో కొలిసినావు?"

పిల్ల స్టీలు స్కేలు తీసింది. పోయిన నెల, ఆరో పన్ను అయ్యాక తన ప్లాస్టిక్ స్కేలు విరిగితే, ఆయనే తన పాత పనిముట్ల పెట్టెలోంచి ముచ్చటపడి ఇచ్చింది. మావగారు దాన్ని చూసి అక్కడే కూర్చుండిపోయారు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నమూనా కాస్త పెద్దగా చెక్కాలట. ప్రతిసారీ లెక్క కట్టే బాధ లేకుండా ఆ పనివాళ్ళకు వేరే స్కేలే ఉంటుందట; ఇది అదేనట. దాని మీద సెంటీమీటరు, మామూలు సెంటీమీటరు కంటే వెంట్రుకవాసి పెద్దది; పన్ను పొడవంతా కలిస్తే అదే ఒక మిల్లీమీటరు.

"ఈ స్కేలు ఆ స్కేలు కలిపీసినారని వర్క్‌షాపులో ఎంతమందిని తిట్టినానో. ఇప్పుడు నానే సేసినాను," అన్నారు. పెళ్ళయి వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆయన తప్పు ఒప్పుకోవడం చూడ్డం నాకదే మొదలు.

గురువారం గోల్‌బజార్ నుంచి మామూలు స్కేలు నేనే తెచ్చాను. పిల్ల కాలేజీ నుంచి రాగానే కొత్త దిమ్మ పట్టుకుంది. మావగారు పక్కనే కూర్చున్నారు గానీ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అది ఆయనకెంత కష్టమో నాకు తెలుసు.

శుక్రవారం పిల్ల ఇంట్లో అడుగు పెట్టగానే, "సంతకం అయిందేటి?" అన్నాను.

"అయింది."

"నా స్కేలు సంగతి సెప్పినావేటి?" అన్నారు మావగారు.

"సెప్పినాను తాతా. పాతవి నాలుగూ పట్టుకెళ్ళి సూపిస్తే మేడం వెర్నియర్‌తో మళ్ళీ కొలిసింది. నాలుగూ అచ్చం ఒకటే కొలత."

"ఏటన్నాది?"

"తప్పు స్కేలుతో ఇంత కరెక్టుగా సెక్కిన సెయ్యిని ఇన్నేళ్ళలో సూడ్లేదన్నాది. ఆ నాలుగు పళ్ళూ క్లాసు బీరువాలో పెట్టుకుంటానన్నాది."

"పెట్టుకోమను," అన్నారు మావగారు, వర్క్‌షాపు తరఫున అనుమతి ఇస్తున్నట్టు.

నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పిల్ల కుడిచెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మైనంతో జిడ్డు జిడ్డుగా ఉంది. వదలబుద్ధి కాలేదు.