నా కామెర్లకు అమ్మ సాక్ష్యం

రక్తంలో దాగిన వైరస్‌ను పట్టే పరీక్షలు హైదరాబాదుకు ఇంకా రాని రోజులవి. రక్తం ఇస్తానని వెళ్తే కంటి రెప్ప కిందికి లాగి కన్ను పచ్చబడిందేమో చూసి, "కామెర్లు గిట్ల వచ్చినయా?" అని అడిగేవారు. అంతే పరీక్ష. (ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో నన్ను పనికి పెట్టుకున్న సేటు ఇంతకంటే ఎక్కువే అడిగాడు.)

నాంపల్లి దగ్గరి దవాఖానలో మా అక్కకు కాన్పయింది. పిల్ల దక్కింది గాని అక్కకు రక్తం ఆగడం లేదు. బావ గ్రూపు కలవలేదు, నాది కలిసింది. పెద్ద వీరుణ్ణయినట్టు చొక్కా చేయి మడిచి కూర్చున్నాను. రక్తం తీసే ఆయన కామెర్ల మాట అడిగాడో లేదో, పక్కనున్న అమ్మ అందుకుంది. "రాకేం సారూ! చిన్నప్పుడు పసుపు ముద్ద లెక్క అయిండు. మా ఊర్ల వాత పెట్టించిన, గంతే, మల్ల ఏ రోగం రాలే. గీ మచ్చ చూడున్రి!" అంటూ నా మణికట్టు ఆయన ముందు పెట్టింది. కొడుకు ఆరోగ్యానికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదని ఆమె నమ్మకం.

ఆయన సూది పక్కన పెట్టేశాడు. "వద్దమ్మా. ఆ రోగం రక్తంల దాగి ఉంటది, మీ బిడ్డకు అంటుకుంటది. ఇంకో దవాఖానకెల్లి సీసా తెప్పిస్త."

అమ్మ గబుక్కున నా మణికట్టు వెనక్కి లాగింది. "అయ్యో, నేను అబద్ధం చెప్పిన సారూ! వీనికి కామెర్లే రాలే. గా మచ్చ పెనం తాకి కాలింది. మీ కాల్మొక్త, తీసుకోన్రి," అని ఆయన కాళ్ల మీద పడింది. ఆయన ఒప్పుకోలేదు. సీసా ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అక్క పోయింది.

తర్వాత అమ్మ నలుగురిలో నోరు విప్పడమే మానేసింది. "నా నోరే దాన్ని మింగింది రా," అని అక్క బిడ్డకు తల దువ్వుతూ ఏడ్చేది. కొన్నేళ్లకు ఆ పరీక్ష మన దాకా వచ్చింది. చేయించుకున్నాను. నా రక్తంలో ఏమీ లేదన్నారు. ఆనాడు తీసుకుని ఉంటే అక్క బతికేదేమో అనుకుంటూ దవాఖాన మెట్ల మీద కూలబడి ఏడ్చాను. తర్వాత ఇంటికొచ్చి, "అమ్మా, నా రక్తంల ఆ రోగం ఉన్నదట. నువ్వు ఆనాడు చెప్పుడే మంచిగైంది," అన్నాను.

"ఔనా బిడ్డా?" అని అమ్మ నా చేయి పట్టుకుంది. "అయితే నేను చెప్పుడు తప్పు కాదు గదా?"

"కాదమ్మా."

మర్నాటి నుంచే నాకు పథ్యం మొదలుపెట్టింది. నూనె లేదు, కారం లేదు, పొద్దున్నే నేల ఉసిరి పసరు. బతికున్నంత కాలం మానలేదు. ఏ రోగమూ లేకుండానే ఆ చేదు గుటకేసి, "జర నిమ్మళంగుందమ్మా," అని చెప్పిన నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.