నూతి గొట్టానికి కట్టిన చీరముక్క

పక్కింటి అత్త పోయిందని ఆమె కోడలు పిట్టగోడ మీంచి చెప్పినప్పుడు నా చేతిలో బియ్యం కడిగిన నీళ్ల గిన్నె ఉంది. ఏం చేయాలో తోచక ఆ నీళ్లు కరివేపాకు మొక్కకే పోసి, ఆ తర్వాత ఏడ్చాను. ఆ అలవాటు నేర్పింది ఆమే. మీరు ఆమెను చూసి ఉండరు. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ కలిసి ఉండే మా లంజిపల్లి వీధిలో రోజూ చూసినవాళ్లు మాత్రం పేర్లు పెట్టారు. ఒడియావాళ్లు కంజుస్ అన్నారు, మనవాళ్లు పిసినారి అన్నారు.

అత్త పుట్టిల్లు చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ అనే ఊరు. గుమ్మం ముందు చిలికా అంత నీరున్నా అది ఉప్పన. తాగే నీటికి బిందె పట్టుకుని నడవాల్సిందేనట. అందుకేనేమో నీళ్లు ఊరికే పోతుంటే చూడలేకపోయేది. నేను కొళాయి కింద చేపలు కడుగుతుంటే గోడవతల నుంచి కేక వినిపించేది.

"ఓలమ్మా, ఆ నీరు కాలవకి ఒగ్గీత్తన్నావేటి? ఆనప పాదుకి పొయ్యి. కాయ కొనక్కర్నేదు."

ఇదంతా భూమికి మంచిదని ఎవరైనా మెచ్చుకుంటే చిరాకు పడేది. "భూమి సంగతి నాకేటి తెలుసు? ఏటంటే, మోటారు తిరక్కపోతే కరెంటు బిల్లు తగ్గుతాది. అంతే."

ఆమె ప్రాణమంతా పెరట్లోని నూతి మీదే. వీధిలో అందరూ బోర్లు వేయించుకున్నా తను చేంతాడుతోనే తోడుకునేది. డాబా మీద పడ్డ వాన నూతిలోకి దిగేలా గొట్టం పెట్టించింది. తొలివాన నీరు మాత్రం కాలవలోకి వదిలేసేది. దోసిట పట్టి రుచి చూసి, డాబా మురికి పోయిందనుకున్నాకే గొట్టం నూతివైపు తిప్పి, మూతికి పాత నేతచీర ముక్క కట్టేది.

తుఫాను కరెంటు స్తంభాలు పడగొట్టిన ఏడాది వీధివీధంతా బిందెలతో ఆ నూతి దగ్గరే ఉంది. మేమూ గొట్టాలు పెట్టిస్తామని అక్కడే అందరూ మాటిచ్చారు. మళ్లీ మోటార్లు తిరగ్గానే ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

ఏటేటా బోర్లు లోతుకు దిగాయి, వాటితోపాటు నూతిలో నీరూ దిగింది. పోయిన ఎండల్లో బొక్కెన నిండా బురదే వచ్చింది.

"నువ్వొక్కదానివి దాస్తావు, వాళ్లంతా లాగేస్తారు. ఎందుకత్తా ఈ తిప్పలు?" అన్నాను.

"ఆలు తాగినా నీరే కదేటి," అంది. చేంతాడు చుట్టి పెడుతూ, "నాను పోతే దీన్ని కప్పెట్టీత్తారు. సూడమ్మా, కప్పనీకు," అంది. అలాగేనన్నాను.

పెద్దకర్మ అయ్యాక ఆమె కొడుకుతో మాట్లాడాను. "నీరు లేని నుయ్యి ఎందుకక్కా? పిల్లలు పడితే ఏటి సేత్తాం? బోరు ఏసేవోలు రేపే వత్తన్నారు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తప్పుపట్టే మాటా కాదు. ఆ వారంలోనే నూతి మీద సిమెంటు పలక పడింది. ఇప్పుడు దాని మీద స్కూటర్ పెడుతున్నారు.

నేను బియ్యం కడిగిన నీళ్లు ఇంకా మొక్కకే పోస్తున్నాను. దానివల్ల ఈ వీధిలో నీటిమట్టం వేలెడు కూడా పెరగదని తెలుసు. అత్త మీద ప్రేమకొద్దీ పోస్తున్నాను, అంతకుమించి ఆశ ఏమీ లేదు.

ఈ ఏటి వానలు మొదలయ్యాయి. నిన్న పొద్దున్న కూడా గట్టిగానే పడింది. గొట్టం సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అది అత్త ఆఖరుసారి తిప్పినట్టే నూతివైపే ఉంది, మూతికి ఆ వెలిసిన చీరముక్క అలాగే ఉంది. డాబా మీది నీరు అందులోంచి వడకట్టుకుని, తేటగా పలక మీద పడి, స్కూటర్ చక్రాల కిందుగా కాలవలోకి పోతోంది.