ముందు ముక్కు, తర్వాత స్విచ్చు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తమ్మ పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది. ఆవిడ అన్నది నిజమే. అయితే మా ఇల్లు గడిచింది కూడా ఆ ముక్కు మీదే అన్న సంగతి ఆవిడకు చాలా కాలం తెలియదు.

పొద్దున్నే వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కి తాండూరులో దిగేదాన్ని. ఊరి శివారులో నాపరాళ్లకు మెరుపు తెచ్చే పాలిష్ తయారుచేసే చిన్న కార్ఖానా ఉంది. అందులో స్టోరు చూసుకునే పని నాది. పాలిష్‌లో కలిపే థిన్నర్ డ్రమ్ములు వెనక గదిలో ఉండేవి. చూడటానికి నీళ్లలా ఉంటుంది కానీ అది పెట్రోలుకు దగ్గరి చుట్టం. మూత కాస్త వదులైతే చాలు, ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పైకి పోదు. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుని కూర్చుంటుంది. ఒక్క రవ్వ తగిలితే గదికి గదే లేచిపోతుంది. అందుకే గోడల అడుగున, పాదాల ఎత్తులో, ఆవిరి బయటికి పోవడానికి కంతలు పెట్టించారు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. గాలిని బయటికి లాగే ఫ్యాను స్విచ్చు బయట ఉండాల్సింది, గది లోపల తలుపు పక్కన ఉంది. ఇళ్లలో ఉండే మామూలు స్విచ్చు. నొక్కిన ప్రతిసారీ దాని కడుపులో చిన్న రవ్వ పుడుతుంది. బయటికి మార్పించమని కార్ఖానా సేటును ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

"చేపిద్దం తియ్యమ్మా, ఎందుకు పరేషాన్ అయితవ్? నీ ముక్కు ఉన్నన్ని దినాలు మనకు ఏం గాదు" అనేవాడు. ఆవిరిని పసిగట్టే మీటరు కొనమన్నా అదే జవాబు. పైకి విసుక్కునేదాన్ని కానీ, ఆ మాట వింటే లోలోపల గర్వంగానే ఉండేది.

కాబట్టి ఆ గదికి నేనే ఒక పద్ధతి పెట్టాను. తాళం తీసి గడప మీదే ఆగాలి. నిలబడి ఒకసారి వాసన చూడాలి. మోకాళ్ల దాకా వంగి ఇంకోసారి చూడాలి. ఏమీ లేదనుకున్నాకే లోపలికి చెయ్యి చాపాలి. ముందు ముక్కు, తర్వాత స్విచ్చు. పనివాళ్లకు ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. జేబులో ఫోనుతో వచ్చినవాణ్ణి, రాపిడికి రవ్వలు పుట్టే నైలాన్ చీర కట్టుకొచ్చినదాన్ని గేటు దగ్గరే నాలుగు తిట్టి వెనక్కి పంపేదాన్ని. నా వెనక నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకోనీ, బతికుంటే చాలనుకున్నాను.

ఒక చలికాలం వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. తగ్గాక ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, పొయ్యి మీద కందిపప్పు పెట్టి, గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అత్తమ్మ గల్లీ మొదట్లో నుంచే అరుచుకుంటూ వచ్చింది.

"పప్పు మాడి వాడంత కంపు కొడుతున్నది! గట్ల కూసున్నవేందే? ముక్కు పోయిందా?"

పరుగెత్తి చూస్తే వంటిల్లంతా పొగ. గిన్నె అడుగు బొగ్గయింది. ఆ గిన్నె మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాను. కళ్లు మండాయి, వాసన మాత్రం రాలేదు. వెల్లుల్లి నలిపి చూశాను. ఇంగువ డబ్బా మూత తీసి చూశాను. ఏదీ లేదు. డాక్టరు దగ్గరికి పోతే, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టమన్నాడు.

సేటుకు చెప్పలేదు. మా ఆయన క్వారీలో నడుము దెబ్బతిని మంచాన ఉన్నాడు. ముక్కు చూసి ఇచ్చిన పనిలో ముక్కు లేనిదాన్ని ఎవరు ఉంచుకుంటారని భయపడ్డాను. అక్కడితో ఆగి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో.

నా కింద డబ్బాలు నింపే పనికి కొడంగల్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. నా కన్నా పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది. జ్వరం నుంచి లేచి పనిలోకి వెళ్లిన రెండో రోజే ఆమెను పిలిచాను.

"అక్కా, రేపటి సంది తాళం నీ దగ్గరనే ఉంచుకో. తలుపు నువ్వే తియ్యి, వాసన నువ్వే చూడు, స్విచ్చు నువ్వే వెయ్యి. జర పని నేర్చుకోవాలె గదా."

"నిజంగనా మేడం?" అంది. ఆ ముఖం వెలిగిపోయింది. తాళంచెవిని కొంగున ముడేసుకుని, పోతూ పోతూ రెండుసార్లు తడిమి చూసుకుంది.

ఆ మర్నాటి నుంచి ఆమె ముందు, నేను నాలుగు అడుగుల వెనక. ఆమె వంగి చూసి "ఏం లేదు మేడం" అనేది. అప్పుడు నేను ఊపిరి వదిలేదాన్ని.

ఎండలు ముదిరాయి. పక్కనే నాపరాళ్లు కోసే మిషన్లు, గాలి వీస్తే చాలు బూడిద రంగు రాతిపొడి కార్ఖానా నిండా. గది తన చేతికి వచ్చాక అక్క దాన్ని అద్దంలా ఉంచేది. ఆ పొడి లోపలికి రాకుండా, గోడల అడుగున ఉన్న కంతల్లో గోనెసంచులు కుక్కింది. నేను చూడలేదు. వాసన తెలియని గదిలోకి అడుగు పెట్టాలంటే నాకు భయం, తలుపు దగ్గరి నుంచే పనులు చెప్పి వచ్చేస్తున్నాను.

ఆ రోజు సోమవారం. ఆదివారమంతా గది మూసే ఉంది. అక్క తాళం తీసింది. నిలబడి చూసింది. మోకాళ్ల దాకా వంగి చూసింది.

"ఏబ్ లేదు బేడం" అని స్విచ్చు వైపు చెయ్యి చాపింది.

బేడం. ఆ మాట నా బుర్రకు ఎక్కడానికి ఒక క్షణం పట్టింది. ఆమెకు జలుబు. ముక్కు దిబ్బడేసి ఉంది.

ఎలా దూకానో తెలియదు. ఆమె మణికట్టు పట్టి వెనక్కి లాగితే ఇద్దరం బయట బండల మీద పడ్డాం. పడిన చోటి నుంచి గదిలో నేల కనిపించింది. నాపరాయి తడిస్తే నల్లబడుతుంది. రెండో వరస డ్రమ్ము కింది నుంచి గడప దాకా నేలంతా నల్లగా ఉంది.

గేటు పక్కన ఉన్న మెయిన్ ఆపించాను. పక్కవాళ్ల కోత మిషన్లు ఆపించాను. కంతల్లో కుక్కిన గోనెసంచులు అప్పుడే కంటబడ్డాయి; వాటిని బయటి నుంచే లాగేయించి, పొద్దు వాలేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

సేటు వచ్చాడు. అక్క ఎదుటే అతనికి అన్నీ చెప్పేశాను, ముక్కు సంగతి, దాచిన సంగతి. చాలాసేపు తిట్టాడు. చివరికి చెమట తుడుచుకుంటూ, "గీ ముచ్చట మొదాలే చెప్తే మీటరు తెప్పియ్యకపోదునా? నిన్ను పని బందు చెయ్యమందునా?" అన్నాడు. అది నిజమో అబద్ధమో ఇప్పటికీ తెలియదు.

అతను వెళ్లాక ఇద్దరమే మిగిలాం. అక్క వాచిన మణికట్టు పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"గందుకేనా చెల్లె, గిన్ని దినాలు నన్ను ముందట తోలింది?"

నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి.

"అవునక్కా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె కొంగు ముడి విప్పబోయింది. వాచిన చేత్తో ముడి ఒక పట్టాన ఊడలేదు. తాళంచెవి నా చేతికివ్వకుండా మా ఇద్దరి మధ్య బండ మీద పెట్టింది.

"మా మేడం నన్ను నమ్మి తాళం ఇచ్చిందని మా బిడ్డకు ఫోన్ చేసి చెప్పుకున్న" అంది.

మర్నాటి నుంచి అక్క పనికి రాలేదు. స్విచ్చు బయటికి వచ్చింది, మీటరూ వచ్చింది. తలుపు మళ్లీ నేనే తీస్తున్నాను.