బాపు మూసేసిన ప్రొటీన్

మా బాపు, అంటే మా నాన్న, వేసిన ఒక్క ముడికి నా ఎమ్మెస్సీ డిగ్రీ అక్కడే ఆగిపోయేది, తెలుసా! నవ్వకండి, టీ తాగుతూ వినండి.

లాక్‌డౌన్ రోజులు. సూరత్‌లో సాంచాలన్నీ, అదే మరమగ్గాలన్నీ, బంద్. పుట్టినప్పటి నుంచీ పవర్‌లూమ్‌ల టకటకల మధ్యే పెరిగానా, తెలంగాణ నుంచి వచ్చిన మాలాంటి నేతపనివాళ్లుండే బమ్రోలి పేటలో ఆ నిశ్శబ్దానికి నాకు నిద్రే పట్టేది కాదు. బాపు పరిస్థితి మరీ అన్యాయం. సాంచా నడిపే మనిషికి తెగిన పోగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇంట్లో పోగులెక్కడివి? అందుకని ఏది వేలాడితే దానికి ముడి! కర్టెన్ దారాలు, సంచి తాళ్లు, చివరికి నా చున్నీ కుచ్చులు కూడా!

అప్పుడే నా ఫైనల్ వైవా, ఆన్‌లైన్‌లో. టాపిక్, రో అనే బ్యాక్టీరియా ప్రొటీన్. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ కాపీ అవుతుంటే వచ్చి "ఇక చాలు" అని ఆపేది ఇదే. ఆరు ముక్కల రింగు. అయితే మొదట ఒకచోట తెరుచుకుని ఉంటుంది. ఆ సందులోంచి ఆర్‌ఎన్‌ఏ లోపలికి దూరాక మూసుకుంటుంది. నా ప్రాజెక్టంతా ఆ సందు గురించే!

మా నెట్‌కి స్క్రీన్ షేర్ చేస్తే కాల్ కట్. అందుకే ఆరు ఖాళీ దారం కోన్లను తీగకు గుచ్చి, గుండ్రంగా వంచి, ఒకచోట సందు వదిలాను. అందంగా ఉంటుందని రంగుదారం చుట్టాను. దాని కొసలు సందుకి రెండు వైపులా వేలాడుతున్నాయి. అలాగే టేబుల్ మీద పెట్టేసి స్నానానికి వెళ్లాను. బుద్ధి ఉండాలి కదా!

వైవా మొదలైంది. క్లాసంతా కాల్‌లో ఉంది. మోడల్ ఎత్తి ధీమాగా, "సర్, ఈ సందు చూడండి" అన్నాను.

సందు లేదు!

ఎగ్జామినర్ కళ్లజోడు సర్దుకుని, "కహా హై, బేటా?" అన్నారు.

"ఇది... మూసుకున్నాక ఉండే రూపం సర్" అనేశాను.

"మంచిది. మరి లోపల ఆర్‌ఎన్‌ఏ ఏది?"

అయిపోయాను! మ్యూట్ చేయడం కూడా మరిచి అరిచాను. "బాపూ! గిదెవరు ముడేసిన్రు?"

బాపు లుంగీ మీదనే కెమెరా ముందుకొచ్చేశాడు. "నేనే బిడ్డా. పోగు తెగి రెండు దిక్కుల యేలాడుతుంటే జర దగ్గరికి గుంజి ముడేసిన. పరీక్షల గిట్ల తెగిన సామాను సూపెడ్తరా?" అంతటితో ఆగాడా? స్క్రీన్ వైపు తిరిగి, "సాబ్, టూట్ గయా థా, మైనే జోడ్ దియా. అబ్ నహీ ఖులేగా!" అని, ఇక ఊడదని గ్యారంటీ కూడా ఇచ్చాడు.

నిజంగానే ఆ ముడి ఊడలేదు. గోళ్లు నొప్పి పుట్టాయి. అమ్మకు కత్తెర దొరకడం లేదు. ఎగ్జామినర్ టైం చూసుకుంటున్నారు. డిగ్రీ పోయిందనుకుని ఏడుపొచ్చేసింది. ఇక లాభం లేదని పళ్లతో కొరికాను! టప్‌మని తెగి తీగ విచ్చుకుంది. "ఇదిగో సర్, సందు!" అని ఆ తెగిన దారాన్నే ఆర్‌ఎన్‌ఏ అని దూర్చి చూపించాను. సార్ నవ్వీ నవ్వీ పాస్ చేశారు.

ఇప్పుడు సాంచాలు మళ్లీ నడుస్తున్నాయి. బాపు ఇంటికొచ్చేది తిని పడుకోవడానికే. రోజంతా ఆయన మా మధ్య ఉన్నది నా ఎరుకలో ఆ కొన్నాళ్లే. పాడు రోజులే, అయినా ఆ ఒక్కదానికి మళ్లీ కావాలనిపిస్తాయి.

మా క్లాసులో ఎవరినైనా అడిగి చూడండి, రో ఏం చేస్తుందో ఒక్కరికీ గుర్తు లేదు. కరోనాకి భయపడి ఊరంతా మూతికి మాస్కు కట్టుకున్న రోజుల్లో, కెమెరా ముందు బ్యాక్టీరియా ప్రొటీన్‌ని కొరికిన మైక్రోబయాలజీ పిల్ల మాత్రం అందరికీ గుర్తే!