మార్తమ్మ గారి మీద పడని గుప్పెడు మట్టి

మెదక్ పట్టణంలో ఇంటింటికీ తిరిగి వాక్యం వినిపించిన బైబిలమ్మ, పూజ్యులు మార్తమ్మ గారు మొన్న ఆదివారం ప్రభువునందు నిద్రించారు. చర్చిలో చావుగంట వినగానే పరుగెత్తాను. నాకు అక్షరభిక్ష పెట్టిన ఆ మాతృమూర్తి ఇక లేరన్న మాట మింగుడు పడటం లేదు. నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. దాచుకోను.

ఆమె హవేలిఘనపూర్ దగ్గరి భూస్వాముల ఆడబిడ్డ, సుగుణ. బాప్తిస్మం తీసుకుని మార్తమ్మ అయ్యారని తెలియగానే తమ్ముడు గుండు గీయించుకుని, బతికున్న అక్కకు పిండం పెట్టి, దినం చేసి ఊరికి భోజనాలు పెట్టాడు. పొలం, కుదిరిన పెళ్లి అన్నీ వదులుకుని ఆమె చర్చి వెనుక ఒంటిగదికి చేరారు. "నా దినం బువ్వ ఊరంత తిన్నది, నాకే పెట్టలె" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు ఎన్నడూ రాలేదు.

కౌడిపల్లి దారిలో కుష్ఠు సోకిన ఒక వృద్ధురాలిని సొంతవాళ్లే పశువుల కొట్టంలో పడేస్తే, మార్తమ్మ గారు రోజూ బస్సెక్కి వెళ్లి పుండ్లు కడిగేవారు. వాక్యం ఎప్పుడు చెబుతారని అడిగాను. "ముందుగాల నొప్పి తగ్గనీ బిడ్డా. నొప్పిల ఉన్నోళ్లకు దేవుని మాట గూడ సప్పుడే" అన్నారు.

కన్నతల్లి దవాఖానలో అవసానదశలో ఉందని తెలిసి పరుగున వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. తమ్ముడు గుమ్మానికి అడ్డం నిలబడి "సచ్చినోళ్లు నీళ్లెట్ల పోస్తరు?" అన్నాడు. తల్లి నోట్లో చుక్క నీరు పోయకుండానే ఆమె వెనుదిరిగారు. దారిలో ఆ తమ్ముడి కోసమే ప్రార్థించారు. నేను ఆమెన్ అనలేదు.

ఆ పెద్దమనిషి ఇప్పుడు రాజకీయాల్లో ఉన్నాడు. భూస్థాపన నాడు తన నిలువెత్తు బొమ్మతో "మా అక్కకు అశ్రునివాళి" అని ఫ్లెక్సీ కట్టించి, ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టె మీద గుప్పెడు మట్టి వేయడం మాలో కడపటి మర్యాద. అతడు మట్టి తీయగానే నేను చెయ్యి పట్టుకున్నాను.

"సచ్చినోళ్లకు మళ్ల సావేంది పటేలా? గామె దినం ఎన్నడో చేస్తివి గద."

"పోనీయమ్మా, అమ్మగారైతే మాఫ్ చేస్తుండె" అన్నారు పాస్టరు గారు. నిజమే. అయినా అతని వేళ్లు విచ్చుకునే దాకా నేను వదలలేదు. ఆ మట్టి అతని చెప్పుల మీదే రాలింది.

అమ్మా, మీ పాదాలకు వందనం. పుండ్లు కడగడం మీ దగ్గర నేర్చుకున్నాను, ఆ పని ఆగదు. క్షమించడానికి మాత్రం ఈ ఊళ్లో మీరొక్కరే ఉండేవారు. ఆ చోటు ఖాళీగానే ఉంటుంది.