కెప్టెన్ మీద అర్జీ

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి పౌరుషం కాస్త ఎక్కువగానే ఉంటుంది. నాకైతే యూనిఫారంతోపాటు దాన్ని కూడా రైల్వేవాళ్లే కుట్టించి ఇచ్చారేమోనని ఇప్పటికీ అనుమానం. టీవీ ఉన్న ఇంటి గుమ్మంలో ఆదివారం పొద్దున చెప్పుల గుట్ట కనిపించే ఆ రోజుల్లో, నేను బిలాస్‌పూర్‌లో గూడ్సు బళ్ల మీద అసిస్టెంటు డ్రైవరుగా కొత్తగా చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. నాకు పడ్డ డ్రైవరును కాలనీ అంతా రూల్‌బుక్ బాబాయి అనేవారు. మా నాన్నదీ ఆయనదీ శ్రీకాకుళం దగ్గర ఒకే ఊరు కాబట్టి నాకు నిజంగానే బాబాయి వరస. ఆయన రూలు తప్పడు, అబద్ధం ఆడడు, సర్వీసులో ఒక్క నల్లమచ్చ లేదు. (ఇలాంటి మనిషి పక్కన రోజుకు పదిగంటలు కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాడికే తెలుస్తుంది.)

ఆదివారం డ్యూటీ లేకపోతే నా భోజనం పిన్ని చేతిదే. అందుకు బదులుగా నేను చేయవలసిన పని ఒకటుండేది. టీవీలో ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో తిరిగే ఓడ, దానికో కెప్టెను, ఎప్పుడూ పక్కనే ఉండే అతని సహచరుడు, ఒక డాక్టరు, ఒక ఇంజనీరు. బాబాయికి ఆ సీరియల్ అంటే ప్రాణం, ఇంగ్లీషు మాత్రం రాదు. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. (నా ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. అర్థమైనంత చెప్పి మిగతాది కల్పించేవాణ్ణి.) బాబాయి దృష్టిలో కెప్టెనంటే డ్రైవరు, సహచరుడు అసిస్టెంటు, ఇంజనీరు మన షెడ్డు ఫిట్టరు. "అంతా బానే ఉంది గానీ, ఎనకాల గార్డు లేకండా అంత బండి ఎలగ కదిపేర్రా?" అని ప్రతివారం అడిగేవాడు. 

ఒక ఆదివారం కెప్టెను ఏదో గ్రహం మీద చిక్కుకుపోయాడు. ఓడ వదిలి ఎవరూ దిగకూడదని పైనుంచి ఆజ్ఞ. సహచరుడు ఆజ్ఞను పక్కనపెట్టి కిందికి దిగి కెప్టెన్‌ను కాపాడాడు. నేను చప్పట్లు కొట్టేశాను. బాబాయి మాత్రం చాపమీంచి లేచి "తప్పు సేసేడు. ఇంజను వొగ్గేసి అసిస్టెంటు దిగకూడదు" అన్నాడు.

"అవతల కెప్టెన్ చచ్చిపోతుంటేనా, బాబాయ్?"

"అయితే మాత్రం ఏటి? ఓడలో నాలుగొందల మందున్నారా లేదా?"

భోజనాల దగ్గరైనా నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను! "రేపు దారిలో నేను పడిపోతే ఏం చేస్తావు?" అని అడిగాను.

"రూల్ ప్రకారం కంట్రోల్‌కి చెప్తాను" అన్నాడు, అప్పడం విరుచుకుంటూ.

ఆ అప్పడం విరిచిన తీరు నా గుండెల్లో గుచ్చుకుంది. పిన్ని "అచ్ఛా, ఇంక తినండి. ఆడెవడో చుక్కల్లో తిరిగేవోడి గురించి మీకెందుకు గొడవ?" అని కసిరినా నేను సగం విస్తరిలోంచి లేచిపోయాను. మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ ఆఫీసులో అర్జీ పడేశాను. 'స్వభావములు కలవనందున నాకు వేరొక డ్రైవరును కేటాయించ ప్రార్థన.' బాబాయికి చెప్పలేదు.

ఆ తర్వాత వారం రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అయితే దారిలో ప్రతి సిగ్నలునూ ఇద్దరం పైకి చెప్పుకోవాలని రూలు. అందుకని "హోమ్ ఎల్లో!" అని ఆయన గుర్రుమనేవాడు, "ఎల్లో!" అని నేను విసుక్కునేవాణ్ణి. పచ్చదీపం చూసి కూడా అంత కోపంగా అరుచుకున్నవాళ్లు మా డివిజన్‌లో ఇంకెవరూ ఉండి ఉండరు.

ఒకరోజు కట్నీ వైపు బొగ్గు బండి పట్టుకెళుతున్నాం. పిన్ని పంపిన కేరియరు నేను ముట్టుకోలేదు. పౌరుషం కదా! ప్లాట్‌ఫారం మీద నిన్నటివో మొన్నటివో ఆలూబోండాలు నాలుగు లాగించి ఇంజనెక్కాను. కర్గీ రోడ్ స్టేషన్లో మెయిలుకు దారిచ్చి పక్కనున్న లూప్ లైన్లో నిలబడేసరికి బోండాలు తిరగబడ్డాయి. "నేను... దిగాలి" అన్నాను. వారం తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అదే. నీళ్ల డబ్బా పట్టుకుని పట్టాలవతల పొదల్లోకి లగెత్తాను. (ఆ పొదల్ని అక్కడ బేషరం అంటారు, సిగ్గులేనివని. పేరు నేను పెట్టలేదు.)

మెయిలు వెళ్లిపోయింది. మా సిగ్నలు పచ్చబడింది. పొదల్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది గాని లేచే పరిస్థితి లేదు. ఇంజను కూత వేసింది. కాసేపటికి మళ్లీ వేసింది. స్టేషన్ మాస్టరు జెండా పట్టుకుని ఇంజను దగ్గరకు రావడం చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. రూలు ప్రకారం బాబాయి 'అసిస్టెంటు బండి మీద లేడు' అని చెప్పాలి. చెప్తే నా ఉద్యోగం ఆ పొదల్లోనే ఆఖరు.

"క్యా హువా?" అని కిందనుంచి మాస్టరు అరిచాడు.

బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి, నా చెవులతో నేను విన్నాను సుమండీ, "వేక్యూమ్ ఎక్కడం లేదు సాబ్! మా కుర్రోడు దిగి బ్రేకు పైపులు సూస్తన్నాడు!" అన్నాడు.

ఇరవై నిమిషాలు బండిని అలాగే నిలబెట్టాడు. నేను గోడ పట్టుకున్నట్టు ఇంజను పట్టుకుని ఎక్కేసరికి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ల గ్లాసు నా సీటు మీద ఉంది. ఆయన నావైపు చూడకుండా "స్టార్టర్ గ్రీన్" అన్నాడు. "గ్రీన్" అన్నాను. గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాను.

పాపం, అబద్ధమాడడం చేతకాని మనిషి! బ్రేకుల వేక్యూమ్ ఎంతుందో చూపించే మీటరు వెనక గార్డు పెట్టెలోనూ ఉంటుంది. గార్డు తన పుస్తకంలో 'వేక్యూమ్ సరిగా ఉన్నది' అని రాసేశాడు. రెండో రోజుకల్లా ఫోర్‌మన్ మా ఇద్దరినీ పిలిచాడు. "ఇన్నేళ్ల సర్వీసులో నువ్వు అబద్ధం చెప్పడమేమిటయ్యా?" అని హిందీలో అడిగాడు. బాబాయి తలొంచుకుని "వేక్యూమ్ ఎక్కలేదు సాబ్" అని మళ్లీ అదే అన్నాడు. ఇక ఆగలేకపోయాను. "తప్పు నాది సాబ్, నా కడుపు" అంటూ బోండాలతో సహా అంతా చెప్పేశాను.

ఫోర్‌మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి "ఇంతకీ, ఇతనితో పడడం లేదని మార్చమన్నది నువ్వే కదా?" అని నా ముందు పెట్టాడు.

నేల చీలి నన్ను మింగెయ్యకూడదా అనిపించింది. బాబాయి ఆ కాగితం వైపూ నావైపూ చూశాడు.  ఆయన సర్వీసు పుస్తకంలో మొదటిసారి ఒక వార్నింగు ఎక్కింది. నిజం ఒప్పుకున్నందుకు నాకు చీవాట్లతో సరిపోయింది. అర్జీ వాపసు తీసుకుంటానని చెప్పి, కాగితం జేబులో కుక్కుకుని బయటపడ్డాను.

ఆయన సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన, షెడ్డు గేటు దాటాం. అప్పుడు బాబాయి "అందులో ఏటి రాసేవురా?" అన్నాడు.

"స్వభావాలు కలవడం లేదని..."

"నిజవే కదా" అన్నాడు. రెండడుగులు వేసి, "పద. మీ పిన్ని చారన్నం కలిపి ఉంచింది. కడుపుకి మంచిది" అన్నాడు.

నడిరోడ్డు మీద ఏడ్చేశాను. ఆయన తెగ కంగారుపడిపోయి, నాకు అడ్డంగా నిలబడి ఎటో చూస్తూ సైకిలు బెల్లు కొట్టసాగాడు.

మొన్న పాత కాగితాలు సర్దుతుంటే ఆ అర్జీ బయటపడింది. సంతకం కింద గీత రెండుసార్లు గీసి ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా. ఎంత పొగరురా వెధవా నీకు, అని ఆ కుర్రాణ్ణి ముద్దుగానే తిట్టుకున్నాను. బాబాయి రిటైరయ్యేదాకా ఆ పక్కసీటు నేను ఇంకొకరికి ఇవ్వలేదు. మా స్వభావాలు మాత్రం ఒక్కరోజు కూడా కలవలేదు.