అందరూ పైకి వెళ్ళిపోయిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు సైరను వేళకి మోగితే ఎవరూ తలెత్తేవాళ్ళు కాదు... వేళ తప్పి మోగితే మాత్రం క్వార్టర్సులో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసేవాళ్ళు. ఎక్కడో బండి పట్టాలు దిగిందని దానర్థం.

ఆ మధ్యాహ్నం నేను బడి వదిలి రోడ్డెక్కానో లేదో, అది మోగింది. ఆగి మళ్ళీ మోగింది... మళ్ళీ. నాకు బండ్లూ గుర్తు రాలేదు, పట్టాలూ గుర్తు రాలేదు. కడబూర అనుకున్నాను.

నవ్వకండి. మా చర్చిలో ఉజ్జీవ కూటాలు జరిగి అప్పటికి వారం కాలేదు. బయటూరి ప్రసంగీకుడు మూడు రోజులూ ఒకటే మాట... బూర మోగుతుంది, సిద్ధపడినవాళ్ళు రెప్పపాటులో ఆకాశంలోకి ఎత్తబడతారు, మిగిలినవాళ్ళకి శ్రమకాలం. చెప్పులు చెప్పుల చోటే ఉంటాయి, మనుషులుండరు అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. ఆరో తరగతి పిల్లకి అది చాలదూ? నాకు తిండి సయించలేదు. లెక్కలు అంతకుముందే సయించేవి కావనుకోండి.

పైగా నా దగ్గర ఒక అబద్ధం ఉంది. రెండు రోజుల కిందట చెల్లి ఎస్తేరుని నేనే తోశాను. మోకాలు చెక్కుకుపోయింది. అదే పడిపోయిందని అమ్మతో చెప్పాను. మా నానమ్మకి ఒక పద్ధతి ఉండేది... సాయంత్రం ప్రార్థనలో ఆమేన్ అనేముందు, ఇంట్లో ఎవరి మీద ఎవరు ఏం తప్పు చేశారో చెప్పేసుకోవాలి. అమ్మ చెప్పేది. నాన్న గొణుగుతూ చెప్పేవాడు. "నీకేటైనా ఉందేటే?" అని నా వంతు రాగానే నానమ్మ అడిగింది. ఏం లేదన్నాను. రెండు సాయంత్రాలూ అదే అన్నాను.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో అమ్మ చెప్పులు, నానమ్మ చెప్పులు, ఎస్తేరు చెప్పులు... లోపల కత్తిపీట పక్కన సగం తరిగిన బెండకాయలు. చాప మీద నానమ్మ కళ్ళజోడు. మనిషన్నవాళ్ళు లేరు.

పక్క క్వార్టరు మీరా మాసీ బట్టలు ఆరేస్తోంది. వాళ్ళాయన బళ్ళో మాస్టారు, సైరనుతో వాళ్ళకి పనిలేదు. మావాళ్ళేరి మాసీ అని అడిగాను. క్లిప్పు నోట్లో పెట్టుకునే, బెంగాలీలో "శొబాయ్ ఉపొరే గేఛే" అంది. అందరూ పైకి వెళ్ళారట.

మా ఇంట్లో మెట్లెక్కి వెళ్తే మేడ మీదికెళ్ళారు అంటాం. పైకి వెళ్ళడం అంటే నాకప్పుడు ఒకటే అర్థం.

ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎస్తేరు కూడానా? రోజూ నా రబ్బర్లు కొట్టేసే ఎస్తేరుని తీసుకుని నన్ను వదిలేస్తారా? ఆ కోపం కాసేపే... ఇక అమ్మని చూడను కదా అనిపించింది. పాస్టరు గారింటి వైపు పరిగెత్తాను.

సగం దారిలో ఆయనే సైకిలు మీద ఎదురొచ్చారు. ప్రాణం లేచొచ్చింది... మరుక్షణం చచ్చినంత పనైంది. ఇంత భక్తిపరుడే మిగిలిపోతే ఇక నాకేం దిక్కు?

"అయ్యగారూ... మీరూ ఉండిపోనారా?"

ఆయనకేం అర్థం కాలేదు. మీ నానమ్మే కబురు పంపింది, కరుణత్త దగ్గరికే వెళ్తున్నాను, మీవాళ్ళంతా అక్కడే ఉన్నారు, ఎక్కు అన్నారు. కరుణత్తది మా పై క్వార్టరు. వాళ్ళాయన గూడ్సు గార్డు. ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. పట్టాలు దిగింది ఏ గూడ్సో ఇంకా తెలియలేదు.

అంటే మావాళ్ళు వెళ్ళిన పైకి... ఒక్క అంతస్తు.

మెట్లెక్కి వెళ్తే కరుణత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఏడవడం కూడా లేదు. చుట్టూ మావాళ్ళు మోకాళ్ళ మీద. నేను ఆగలేకపోయాను. ప్రార్థన మధ్యలోనే అమ్మ పక్కన కూలబడి "ఎస్తేరుని నేనే తోసినాను" అనేశాను.

"నాకు తెలీదేటి?" అంది ఎస్తేరు. "నేను సెప్పనేదు గదా."

నానమ్మ కళ్ళు తెరవలేదు. "సెప్పేసినావు కదా. ఇటు రా. అత్త సెయ్యి పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. పొద్దు వాలే దాకా వదల్లేదు. అప్పుడొచ్చింది కబురు, ఆ బండి కరుణత్త వాళ్ళాయనది కాదని. అందరం లేచాం, నానమ్మ తప్ప. ఎవరిదో ఒకరిది కదా అంటూ, ఆ ముక్కూ మొహం తెలియని గార్డు ఇంటివాళ్ళ కోసం ఇంకో ప్రార్థన మొదలుపెట్టింది. సిద్ధపడి ఉండడం అంటే ఆవిడకి అదే అనుకుంటాను.

ఇప్పుడు అదే ఊళ్ళో, ఝపటాపూర్‌లో ఫ్లాటులో ఉంటున్నాను. ఫోన్‌లో రోజుకో అంత్యదినాల వీడియో వస్తుంది... ఎక్కడ యుద్ధం జరిగినా, ఎక్కడ భూమి కదిలినా ఎవరో ఒకరు గుర్తులు లెక్కపెట్టి పంపుతారు. అన్నీ చూస్తాను. చూశాక ఒకచోట కూర్చోలేను. ఇంట్లోవాళ్ళు ఫోన్ ఎత్తకపోతే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

పోయిన నెల ఓ మధ్యాహ్నం, పై ఫ్లాటు ఆయనకి గుండెపోటు వచ్చిందని బిల్డింగు గ్రూపులో మెసేజి వచ్చింది. దండం బొమ్మ పెట్టాను. సగంలో ఆపిన వీడియో మళ్ళీ చూడడం మొదలుపెట్టాను... సిద్ధపాటు గురించే అది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా ఆయన భార్య ఒక్కతే ఉందని తర్వాత తెలిసింది. సిగ్గేసింది. ఇంకా సిగ్గుగానే ఉంది.

మీ నానమ్మలు, అమ్మమ్మలు కష్టకాలానికి ఎలా సిద్ధపడి ఉండేవాళ్ళో గుర్తుంటే కింద రాయండి... అన్నీ చదువుతాను. మా పైన ఉండే ఆవిడ పేరు మాత్రం నాకింకా తెలియదు.